బుట్టలో పెరిగే ద్రాక్ష

(సంఘం వార్షికోత్సవ సభలో ఉద్యానవన శాఖ విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి సమావేశంలో డి.ఏ. బకాయిల గురించి, అంతకు ముందు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కాస్త తేలికైన విషయం ఉంటే బాగుంటుందని కార్యదర్శి గారు నాకు ఫోన్ చేశారు. "మీరు గ్రీసు వెళ్ళొచ్చారు కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. ద్వీపాల అందచందాల గురించి ట్రావెల్స్ వాళ్ళు బోలెడు చెబుతారు, నేను ఒక ద్రాక్ష రకం గురించి చెబుతానన్నాను. ఆయన కొంచెం తటపటాయించి, "అది తినే ద్రాక్షేనా, లేక..." అని ఆగిపోయారు. తినేది కాదండీ, వైన్ తీసేదే. అయినా భయపడవద్దని మనవి. మన ఇళ్ళల్లో ద్రాక్షాసవం సీసా లేని ఇల్లెక్కడ?

2018 ఆగస్టులో మా అమ్మాయి, అల్లుడు మా దంపతులిద్దరినీ గ్రీసు తీసుకువెళ్ళారు. ఏథెన్సులో శిథిలాలు చూశాక ఏజియన్ సముద్రంలో ఉన్న సాంటోరిని ద్వీపానికి వెళ్ళాం. దాని అసలు పేరు థీరా. తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు, సూర్యాస్తమయం - ఈ క్యాలెండరు బొమ్మలన్నీ అక్కడివే. అందరూ సూర్యుడి కోసం పడమటి వైపు చూస్తుంటే నేను నేల వైపు చూస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యానవన శాఖలో పనిచేసినవాడికి చూపు మరెటు పోతుంది చెప్పండి?

రోడ్డు పక్కన బోసినేల. బూడిదరంగు మట్టి, తేలికపాటి రాళ్ళు. ఆ నేల మీద అక్కడక్కడా, రెండేసి మూడేసి గజాల దూరంలో, ఎవరో పచ్చటి గంపలు బోర్లించకుండా వదిలేసి వెళ్ళినట్టు గుబుర్లు. ఏదో కంప అనుకున్నాను. కారు ఆపించి దిగి వంగి చూస్తే అవి ద్రాక్ష చెట్లు! పందిరి లేదు, కడీలు లేవు, తీగ లేదు. కొమ్మలన్నీ చుట్టలు చుట్టి బుట్ట అల్లినట్టు అల్లి ఉన్నాయి. ఆకులు పక్కకు జరిపితే బుట్ట లోపల, గూట్లో గుడ్లలాగా, లేత బంగారు రంగు గుత్తులు. ఆ రకం పేరు అసిర్టికో.

వాళ్ళు ఆ బుట్టను కులూరా అంటారు. గుండ్రంగా చుట్టిన రొట్టెకూ అక్కడ అదే మాట. నాకు మాత్రం మన ఆడవాళ్ళు కడవ కింద పెట్టుకునే చుట్టకుదురు గుర్తుకు వచ్చింది. ప్రతి చలికాలం కత్తిరింపులు చేసేవాడు కొన్ని బలమైన కొమ్మలను ఉంచి, మిగతావి కోసేసి, ఉంచిన కొమ్మలను పాత చుట్ట మీదే మళ్ళీ చుడతాడు. ఏటికేడు చుట్ట మీద చుట్ట పేరుకుని బుట్ట తయారవుతుంది. ఎందుకింత శ్రమ? వేసవిలో అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. రోజుల తరబడి ఆగదు. ఆ గాలికి మామూలు ద్రాక్ష తీగ పూత, పిందె నిలవవు. ఇసుక ఎగిరి పిందెను కోసేస్తుంది. పైనుంచి ఎండ మాడ్చేస్తుంది. అందుకని గుత్తులను లోపల దాచి, ఆకులను బయట కాపలా పెట్టారు. ఈ ఉపాయం ఏ పరిశోధనా కేంద్రమూ చెప్పలేదు. తరతరాలుగా రైతులు చేతులతో నేర్చుకున్న విద్య.

ఇక ఆ మట్టి సంగతి. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అక్కడి అగ్నిపర్వతం బద్దలై ద్వీపం నడిభాగం సముద్రంలో కూలిపోయింది. మిగిలిన చంద్రవంక లాంటి నేల మీద పదుల మీటర్ల మందాన బూడిద, ప్యూమిస్ రాయి పరుచుకున్నాయి. ప్యూమిస్ అంటే మరేమీ కాదు, మన స్నానాల గదుల్లో మడమలు రుద్దుకునే తేలికరాయే. ఆ బూడిద కింద అక్రోతిరి అనే ప్రాచీన పట్టణం కప్పబడిపోయింది. స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1967లో అక్కడ తవ్వకాలు ప్రారంభించి, 1974లో ఆ తవ్వకాల చోటే ప్రమాదవశాత్తు మరణించారు. ఆ పట్టణంలో దొరికిన జాడీల్లో ఒక రకం పప్పు గింజలు బయటపడ్డాయి. మన కేసరిపప్పు జాతికే చెందినది. సాంటోరినిలో దాన్ని ఈనాటికీ పండిస్తారు, మెత్తగా ఉడికించి ఉల్లిపాయలు వేసి వడ్డిస్తారు. మా ఆవిడ రుచి చూసి "ఇది మన ముద్దపప్పేనండీ, నెయ్యికి బదులు ఆలివ్ నూనె పోశారు, అంతే" అని తేల్చేసింది. ఆ పూట తృప్తిగా భోజనం చేసింది.

ఈ బూడిద మట్టితో మరో ఉపయోగం ఉంది. సున్నంతో కలిపితే నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. మన పాతకాలం మేస్త్రీలు సున్నంలో ఇటుకపొడి, అదే సుర్కీ, కలిపేవారు కదా, ఆ పనే ఇది చేస్తుంది. 1859 నుంచి 1869 వరకు సూయజ్ కాలువ కట్టినప్పుడు ఈ మట్టిని ఓడలకెత్తి తీసుకువెళ్ళారు.

వాన సంగతి వింటే మీరు నమ్మరు. మన అనంతపురం జిల్లాను కరువు జిల్లా అంటాం. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. సాంటోరినిలో 400 కూడా పడదు. పడేదంతా చలికాలంలోనే. వేసవిలో చుక్క రాలదు. నది లేదు, చెరువు లేదు. మరి చెట్టు ఎలా బతుకుతుంది? రాత్రిపూట సముద్రం మీద నుంచి వచ్చే తేమను, మంచును ఆ ప్యూమిస్ రాయి స్పంజిలా పీల్చుకుని, పగలు కొద్దికొద్దిగా వేరుకు అందిస్తుంది. దిగుబడి మాత్రం అంతంతే. ఎకరానికి ఒక టన్ను వచ్చిందంటే గొప్ప. మన హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ళలో ఎకరానికి 20 టన్నులు దాటించిన రైతులను చూసినవాణ్ణి నేను. ఈ లెక్క విని మొదట నవ్వొచ్చింది. తరువాత ఆ నవ్వు పోయింది. ఎందుకో చెబుతాను.

1860లలో ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలో ద్రాక్ష తోటలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలుపెట్టాయి. 1868లో ప్లాన్‌షాన్ అనే వృక్షశాస్త్రవేత్త వేళ్ళు తవ్వి చూసి, కంటికి ఆనీ ఆనని ఒక పేనులాంటి పురుగును పట్టుకున్నాడు. దాని పేరు ఫిలోక్సెరా. అమెరికా నుంచి మొక్కలతో పాటు వచ్చింది. కొన్ని దశాబ్దాలలో యూరప్‌లోని ద్రాక్ష తోటలను చాలావరకు తుడిచిపెట్టింది. చివరకు విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద యూరప్ రకాలను అంటుకట్టారు. ఈనాడు ప్రపంచంలో మీరు ఎక్కడ వైన్ ద్రాక్ష చూసినా, ఎక్కువ భాగం తల ఒకరిది, కాళ్ళు మరొకరివి. సాంటోరినిలో అలా కాదు. ఆ పురుగు బతకాలంటే మట్టిలో కొంతైనా బంకమన్ను ఉండాలి. అక్కడి బూడిదలో బంకమన్ను దాదాపు శూన్యం. కనుక పురుగు రాలేదు, అంటు అవసరం రాలేదు. అక్కడి అసిర్టికో తన సొంత కాళ్ళ మీద నిలబడింది.

ఇంకా పెద్ద విశేషం ఉంది. బుట్ట అల్లగా అల్లగా డెబ్బై, ఎనభై ఏళ్ళకు కొమ్మ చాలా పొడవై, వేరు నుంచి చివరి దాకా రసం సరిగా అందక కాపు తగ్గిపోతుంది. అప్పుడు బుట్టను నేలమట్టానికి నరికేస్తారు. పాత వేరు నుంచి కొత్త మోసు వస్తుంది. దానితో మళ్ళీ మొదటి నుంచి బుట్ట మొదలుపెడతారు. ఇలా మూడు నాలుగు సార్లు నరికిన చెట్లు ఉన్నాయంటారు. అంటే పైన బుట్ట మనవడి వయసుది, కింద వేరు ముత్తాతకు ముత్తాత వయసుది. మనం పందిరి ద్రాక్షను 15, 20 ఏళ్ళకు పీకేసి కొత్తవి నాటించేవాళ్ళం. నేనే స్వయంగా సంతకాలు పెట్టి సిఫారసు చేశాను.

రసం సంగతి కూడా చెప్పాలి కదా. వేడి దేశాల్లో ద్రాక్ష పండేకొద్దీ తీపి పెరిగి పులుపు చచ్చిపోతుంది. వైన్ చప్పగా వస్తుంది. అసిర్టికో ప్రత్యేకత ఏమిటంటే అంత ఎండలోనూ తీపి పెరుగుతూనే పులుపు నిలుపుకుంటుంది. నేలలో పొటాషియం తక్కువగా ఉండటం కూడా అందుకు తోడ్పడుతుందని చెబుతారు. ఐదానీ, అథీరి అనే మరి రెండు తెల్లరకాలను కొందరు దీనితో కలుపుతారు కానీ, పెద్దన్న అసిర్టికోయే. మా అల్లుడు బలవంతం మీద ఒక గుక్క తాగాను. దాచడమెందుకు? నిమ్మరసంలో చిటికెడు ఉప్పు వేసి, చక్కెర వేయడం మరచిపోయినట్టుంది. నాకు అలవాటు లేని నాలుక, నా మాట లెక్కలోకి తీసుకోకండి. మరొకటి విన్‌సాంటో. కోసిన పండ్లను పన్నెండు, పద్నాలుగు రోజులు ఎండలో పరచి, సగం ఎండిన తరువాత పిండి, పీపాల్లో కనీసం రెండేళ్ళు నిలవచేస్తారు. ఇది మాత్రం తియ్యగా, చిక్కగా, ముదురు బెల్లంపాకం రంగులో ఉంది. మా ఆవిడ వాసన చూసి, "ఇదేమిటి, మా నాన్నగారి ద్రాక్షాసవం!" అంది.

ఈ విన్‌సాంటోకు ఒకప్పుడు రష్యాలో మంచి గిరాకీ ఉండేది. అక్కడి చర్చిల్లో ప్రసాదంగా ఇచ్చే వైన్ కోసం సాంటోరిని ఓడలు నల్లసముద్రం రేవులకు సరుకు తీసుకువెళ్ళేవి. 1917 విప్లవంతో ఆ వ్యాపారం ఆగిపోయింది. తరువాత 1956 జూలై 9న పెద్ద భూకంపం వచ్చింది. యాభై మందికి పైగా చనిపోయారు, ఇళ్ళు కూలాయి, ఎన్నో కుటుంబాలు ఏథెన్సుకు వలసపోయాయి. తోటలు చూసే దిక్కు లేకపోయింది. 1971లో సాంటోరిని వైన్‌కు ప్రాంతీయ గుర్తింపు వచ్చినా, అసలు ఊపు 1980ల చివరి నుంచే. బయటి నుంచి, ద్వీపం నుంచి కొంతమంది కొత్త యంత్రాలు, చల్లబరచే ట్యాంకులు తెచ్చి అసిర్టికోను ప్రపంచానికి చూపించారు. ఆ రకాన్ని ఇప్పుడు గ్రీసులోని ఇతర ప్రాంతాలలోనూ, ఆస్ట్రేలియాలోనూ కూడా నాటారు.

మేము చూసిన తోట యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. వాళ్ళబ్బాయి ఇంగ్లీషులో మాట్లాడితే మాకు అర్థమయ్యేది. పెద్దాయన చేతులు మన తాటిచెట్టు ఎక్కేవాళ్ళ చేతుల్లా మొద్దుబారి ఉన్నాయి. కోత సాగుతోంది. బుట్ట నేలకు ఆనుకుని ఉంటుంది కనుక ప్రతి గుత్తికీ నడుము వంచాల్సిందే. యంత్రం పనికిరాదు. ఆ కోత కోసేవాళ్ళలో ద్వీపం కుర్రవాళ్ళు ఎవరూ లేరు. "వాళ్ళంతా హోటళ్ళలో ఉన్నారు" అన్నాడు అబ్బాయి. 76 చదరపు కిలోమీటర్ల నేల, 15 వేల పైచిలుకు జనాభా, 2023లో వచ్చిన యాత్రికులు 30 లక్షలు దాటారని లెక్క. ఒక ఎకరం ద్రాక్ష ఏడాదంతా ఇచ్చేదాన్ని సముద్రం వైపు కిటికీ ఉన్న ఒక్క గది వేసవిలోనే ఇచ్చేస్తుంది. తోటలు ఇప్పుడు వెయ్యి పైచిలుకు హెక్టార్లే మిగిలాయి.

నేను ఉద్యానవన శాఖవాణ్ణని తెలిసి ఆ పెద్దాయన కుతూహలంగా అడిగాడు: "మీ ఊళ్ళో ద్రాక్ష చెట్లకు వయసెంత?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాలనే ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాను.

1980లలో నేను మేడ్చల్ వైపు ద్రాక్ష రైతులతో పనిచేశాను. రాతి కడీలు, జి.ఐ. తీగలు, ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో మరొకటి, బూజు తెగులుకు బోర్డో మిశ్రమం. పందిరి కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెల్లో నడిచినట్టుండేది. మీలో చాలామంది ఆ తోటల దగ్గర కేజీల లెక్కన కొనుక్కుని వచ్చినవాళ్ళే. ఒక రైతు ఉండేవాడు. పేరు చెప్పను. నేను ఏ సలహా ఇస్తే అది చేసేవాడు. బోరు వేయమంటే వేశాడు, లోతు చేయమంటే చేశాడు. చివరికి ఒకరోజు, "సారూ, మూడు వందల ఫీట్లు పోయినా నీళ్ళు లేవు. తీగె బతకాల్నంటే నేను బతకొద్దా?" అన్నాడు. నా దగ్గర సర్క్యులర్ ఉంది కానీ సమాధానం లేదు. మరి రెండేళ్ళకు భూమి అమ్మేశాడు. లేఅవుట్ పడింది. ఆ లేఅవుట్‌లో 1998లో రెండు వందల గజాల ప్లాటు కొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో అక్కడే ఇల్లు కట్టుకున్నాను. పునాది తవ్వేటప్పుడు చెయ్యంత లావు ద్రాక్ష మోడు బయటపడింది. మేస్త్రీ దాన్ని తీసి గోడ అవతల పారేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

కాబట్టి సాంటోరిని వాళ్ళు తోటలు అమ్ముకుంటున్నారని నేను వేలెత్తి చూపలేను. తోటల మధ్య పుట్టిన ఆ ఇళ్ళు చూసి తల ఊపే హక్కు నాకు లేదు.

అక్కడ ఇప్పుడు పెద్ద వాదన నడుస్తోంది. 2023లోనూ, 2024లోనూ కరువు, వేడి కలిసి పంట బాగా పడిపోయింది. ద్రాక్ష ధర పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎన్నో రెట్లు పెరిగింది కానీ, అమ్మడానికి సరుకేదీ? కొందరు బుట్టలు మాని మామూలుగా వరుసలు వేసి, తీగలు కట్టి, డ్రిప్పు పెట్టాలంటున్నారు. కొన్ని చోట్ల నాటారు కూడా. వరుసల్లో పని సులువు, మనుషులు తక్కువ పడతారు. మరికొందరు బుట్ట పోతే సాంటోరిని పోయినట్టే అంటున్నారు. నన్నడిగితే, నీళ్ళు లేనిచోట డ్రిప్పు పెట్టి ఏం లాభం? ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో ముందు చెప్పాలి. కానీ వంగలేని నడుములతో బుట్టలు ఎవరు అల్లుతారన్నదీ నిజమే. కత్తిరింపు తెలిసిన చేతులకు కూలి బాగా పెంచితే కుర్రవాళ్ళు కొందరైనా వస్తారు. అంతకు మించి నాకు తోచలేదు. ఒకప్పుడు ప్రతి ప్రశ్నకూ మూడు కాపీల్లో సమాధానం రాసినవాణ్ణి.

2025 జనవరి చివర, ఫిబ్రవరిలో ఆ ద్వీపం దగ్గర వేలకొద్దీ చిన్నా పెద్దా ప్రకంపనలు వచ్చాయి. స్కూళ్ళు మూసేశారు. పది వేల మందికి పైగా ఓడల్లో, విమానాల్లో వెళ్ళిపోయారు. టి.వి.లో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది సరిగ్గా కత్తిరింపుల కాలం. మా అమ్మాయి చేత ఆ అబ్బాయికి ఒక ఉత్తరం రాయించాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. తల్లినీ పిల్లలనీ ఏథెన్సుకు తీసుకువెళ్ళాడట. తండ్రి మాత్రం కదలలేదట. సగం బుట్టలు అల్లడం మిగిలిపోయాయి, అవి అయ్యాక చూద్దాం అన్నాడట. భూమి ఊగినప్పుడు ఇంట్లో కంటే తోటలోనే భయం తక్కువ, మీద పడటానికి అక్కడ ఏమీ లేదు అని కూడా అన్నాడట.

ఉత్తరం చివర ఒక మాట ఉంది. "నాన్న అడుగుతున్నారు, మీ ఇంట్లో ద్రాక్ష ఉందా?" అని. పెరట్లో నీళ్ళ ట్యాంకు పక్కన ఒక అనాబ్-ఎ-షాహీ కటింగు తెచ్చి నాటాను. రెండో ఏడు. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆకు అంచులు మాడుతున్నాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా పాత ద్రాక్ష తీగ బతికి ఉంటే, ఈ చలికాలంలో కత్తిరించినప్పుడు రెండు కొమ్మలు నాకోసం అట్టేపెట్టమని కోరుతున్నాను. నా అడ్రసు కార్యదర్శి గారి దగ్గర ఉంది.

టీ చల్లారిపోతోందని ఆయన సైగ చేస్తున్నారు. సెలవు.